వంత కోసం వదిలిన చోటు

మా పెద్దమ్మ గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ తప్పదని ఎల్బీనగర్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది ఒక శనివారం నాడు. శనివారం సాయంత్రం మాకు భజన. అందుకని ఇంటికి పోకుండా ఆటోలో నేరుగా భజన హాలుకే వచ్చాం. పెద్దమ్మ కాళ్లు కడుక్కుని, తన చోట్లో కూర్చుని, ఎప్పటిలాగే మొదటి చరణం ఎత్తింది. నేను తాళాలు వాయిస్తూ ఆమె మెడ వైపే చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చున్నాను, ఆ వాపు నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "గడ్డ తీసెయ్యాలె. ప్రాణానికి భయం లేదు. కానీ గొంతు నరం దాని పక్కనుంచే పోతది. మేం జాగ్రత్తగనే చేస్తం. తర్వాత గొంతు మునుపటి లెక్కనే ఉంటదని మాత్రం మాటియ్యలేను" అంది. పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "దసరా దాక ఆగొచ్చా అమ్మా?"

"ఆగొచ్చు. దాటొద్దు."

దసరా దాకా ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. మా అమ్మ తండ్రి పోచంపల్లి వైపు ఒక పల్లెలో మగ్గం నేసేవాడు. మగ్గం మీద కూర్చునే అమ్మవారి కల్యాణ కథను యక్షగానంగా కట్టాడు. యక్షగానం అంటే మా వైపు కథంతా పాటలోనే నడిచే ఆట. అందులో కోపం వచ్చినవాడూ పాడతాడు, కబురు తెచ్చినవాడూ పాడతాడు, పెళ్లికి ముందుగా పిలవలేదని అలిగిన మేనత్తా పాడుతుంది. తాత దాన్ని కాగితం మీద పెట్టలేదు. మేళం వాళ్లకు నోటితోనే చెప్పి నేర్పించాడు. ఆ తర్వాత మేళంలో కొందరు బతుకుదెరువు కోసం పట్నం వచ్చేశారు, మిగతావాళ్లు కాలం చేశారు. ఆడవాళ్లు ఆటలోకి దిగే రోజులు కావవి. పక్క గదిలో చీరల నూలుకు ఆసు పోస్తూ, అంటే మేకుల మీద దారం అటూ ఇటూ తిప్పుతూ, విన్న పెద్దమ్మకు మాత్రం కథంతా వచ్చింది. మొదటి స్తుతి నుంచి చివరి మంగళం దాకా అది తెలిసిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే. దసరాకు మా భజన మండలి ఆ కథను మొదటినుంచి చివరిదాకా పాడి అమ్మవారికి అప్పజెబుతుంది. ఈసారి పాడితే మళ్లీ పాడతానో లేదోనని ఆమె ఆలోచన.

మా మండలి కొత్తపేట దాటాక మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న గుడి మేడ మీద కూర్చుంటుంది. పైన రేకులు, కింద జంపఖానా. చీరల దుకాణాలవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు, ఒకరిద్దరు రిటైరైన ఉద్యోగులు, ఎక్కువగా పోచంపల్లి, నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లం. నాకు దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో చిన్న చీరల దుకాణం. చిన్నప్పుడు గుడిలో పురాణం చదివేటప్పుడు తాత పక్కన కూర్చుని పేజీలు తిప్పాను. పట్నం వచ్చాక ఒక గురువు దగ్గర ఏళ్ల తరబడి శాస్త్రం విన్నాను. నాకున్న చదువు అదే, దానితోనే బతుకుతున్నాను. దేవుడి ముందు పదిమంది కలిసి పాడే పాటకు ఆయన దిగి వస్తాడని నేను నమ్ముతాను. మాట వరసకు నమ్మడం కాదు. శనివారం సాయంత్రం ఆ హాల్లో ఆయన ఉంటాడు.

రికార్డు చేయించాలన్న ఆలోచన నాదే. ఫోన్లో చేద్దామని ముందు ప్రయత్నించాం. వింటే పాట కంటే బస్సుల హారన్లు ఎక్కువ. మధ్యలో మెట్రో పోతున్న చప్పుడు. ఎవరో "జర జరుగు" అనడం కూడా స్పష్టంగా వినిపించింది. స్టూడియోలో చేయించాలంటే మా హుండీ చాలదు.

వనస్థలిపురంలో ఉండే ఒక పెద్దమనిషి మా దుకాణానికి భార్యతో వస్తుండేవారు. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, బ్యాంకులో పెద్ద హోదాలో రిటైరయ్యారు. భార్య చీరలు చూస్తున్నంతసేపూ ఆయన స్టూలు మీద కూర్చుని సంగీతం గురించి మాట్లాడేవారు. శాస్త్రీయ గాత్రాన్ని రికార్డు చేయించి భద్రపరచడానికి డబ్బిచ్చే ఒక ట్రస్టులో ఆయన సభ్యుడు. వయసు మళ్లిన విద్వాంసులు, వినేవాళ్లు తగ్గిపోయిన పాత బాణీలు, అలాంటివాటి కోసం దాతలు ఇచ్చిన సొమ్ము అది. నేను విషయం చెప్పగానే, "యక్షగానం అంటే సంగీత నాటకమేనండీ. నేను వచ్చి వింటాను" అన్నారు.

ఆ శనివారం ఆయన వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని మా మధ్యే కూర్చున్నారు. పెద్దమ్మ పెళ్లికూతురు నడిచొచ్చే పాట పాడింది. ఆయన కళ్లు మూసుకుని విని, "ఇది మోహన రాగం కదమ్మా?" అని అడిగారు.

"ఏమో సారూ. మా నాయిన పెండ్లినడక అనేటోడు. మోహననా? మంచిగుంది పేరు."

"రెండు పేర్లూ బాగున్నాయమ్మా" అని నవ్వారు ఆయన. తర్వాత నన్ను పక్కకు పిలిచారు. "చూడండీ, ఏవిటంటే, మా కమిటీ గాత్రానికే ఇస్తుంది. బృంద భజనలకు ఇవ్వదు. అందరూ అడుగుతారు కదా, ఎక్కడో గీత గీసుకున్నారు. చప్పుడు లేని గదిలో, శ్రుతి పెట్టుకుని, ఆవిడ గొంతొక్కటే వినపడాలి. ఆవిడ ఒక్కరే మొత్తం పాడగలరా?"

"మొత్తం ఆమెకు తప్ప ఎవరికీ రాదు సార్" అన్నాను. అది నిజమే. ఆయన అడిగింది వేరు, నేను చెప్పింది వేరు అని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మా వదిన, అంటే మా అన్న భార్య, వంతలో అందరికంటే గట్టిగా పాడుతుంది. పెద్దమ్మ ఒక చరణం పాడితే మేమంతా దాన్ని అందుకుని తిరిగి పాడతాం, దాన్నే వంత అంటాం. వదిన గొంతు పెద్దది, శ్రుతి తక్కువ. ట్రస్టు సంగతి విని ఆమె ఊరుకోలేదు.

"సినిమా పాటగత్తెవైతున్నవ్ పెద్దత్తా. ఇగ మాతోని మాట్లాడుతవో లేదో."

"నీతోని మాట్లాడుడే దండుగ. నీ వంతకు నా గడ్డ ఇంకింత వాసింది."

కమిటీ ఒప్పుకుంది. పెద్దమ్మకు మాత్రం ఒక సందేహం మిగిలింది. మా మండలిలో ఎవరు ఏమిచ్చినా, దీపానికి నూనె ఇచ్చినా సరే, పాటకు ముందు సంకల్పంలో వాళ్ల గోత్రం చెప్పుకుంటాం. ఇచ్చినవాళ్లను తలచుకోకుండా నోరు తెరవకూడదని తాత పెట్టిన పద్ధతి. మాట ఖాయం చేయడానికి పెద్దమనిషి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"సారూ, మీ ట్రస్టు గోత్రమేంది?"

ఆయన చేతిలో చాయ్ కప్పు ఆగింది. "ట్రస్టుకు పాన్ కార్డు ఉందమ్మా. గోత్రం లేదు."

"ఇచ్చినోళ్లకు ఉంటది గదా."

"చాలామంది ఇస్తారమ్మా. కొందరు పేరు కూడా చెప్పరు."

"పేరు జెప్పకుంటే మర్చిపోవాల్నా? గట్లెట్ల పాడుత?"

శాస్త్రంలో దారి ఉంది. గోత్రం తెలియనివాళ్లను కాశ్యప గోత్రంలో చెప్పుకోవచ్చు. ఎందుకంటే ప్రాణికోటి అంతా ఆ ఋషి సంతానమేనని పెద్దలు అంటారు. ఆ మాట చెప్పాను. పెద్దమ్మ ముఖం తేటపడింది.

"అయితే మా ట్రస్టంతా కాశ్యప గోత్రమా! రేపు మా ఆడిటరుకు చెప్తాను" అన్నారు పెద్దమనిషి.

స్టూడియో దిల్‌సుఖ్‌నగర్‌లోనే కుదిరింది. కోచింగ్ సెంటర్ల బిల్డింగులో పై అంతస్తు. ఉద్యోగ పరీక్షలకు ఆన్‌లైన్ పాఠాలు రికార్డు చేసే గది అది. గోడలకు నల్లటి స్పాంజి. మూలన తెల్లబోర్డు మీద రైలు ఎంత వేగంతో పోతే వంతెన ఎప్పుడు దాటుతుందనే లెక్క సగంలో ఆగి ఉంది. సౌండ్ చూసే ఆయన యాభై దాటిన మనిషి, ఓపికస్తుడు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. దీపం వెలిగించవద్దన్నారు, స్పాంజి అంటుకుంటుందని. సరేనని ఆమె కుంకుమ భరిణె తీసింది.

"అమ్మా, మైకుకు వద్దమ్మా! లోపలికి పోతే ఖరాబైతది."

"మరి దేనికి పెట్టాలె?"

"స్టాండుకు పెట్టండమ్మా."

స్టాండుకు పెట్టింది. నేను సంకల్పం చెప్పి, పేరు చెప్పని దాతలను కాశ్యప గోత్రంలో తలచి, బయటికొచ్చి అద్దం వెనక కూర్చున్నాను. శ్రుతి పెట్టె మోగుతోంది. పెద్దమ్మ కళ్లు మూసుకుని స్తుతి మొదటి చరణం ఎత్తింది. హారన్లు లేకుండా, మా గోల లేకుండా ఆ గొంతును నేను ఎప్పుడూ వినలేదు.

చరణం అయింది. ఆమె ఆగింది.

మేం చూస్తున్నాం. ఆమె కళ్లు తెరిచి అద్దంలోంచి నా వైపు చూసింది.

"ఆపకండమ్మా, పాడుతూ ఉండండి" అన్నాడు సౌండాయన మైకులో.

మళ్లీ మొదటినుంచి. మళ్లీ అక్కడే ఆగింది.

"ఏమైందమ్మా?"

"ఎత్తుకోరేంది మరి?"

"ఎవరు ఎత్తుకోవాలమ్మా? మీరొక్కరే కదా."

ఆమెకు అర్థమైంది. తల ఊపి, తనే రెండుసార్లు పాడుకోవాలని చూసింది. వంత కూడా తనే పాడితే ఊపిరి అందలేదు. వంత వదిలేసి ముందుకు పోదామంటే రెండో చరణం రాలేదు. మూడోది వచ్చింది. అది తప్పని తెలిసి నాలుక కరుచుకుంది. ఇంకోసారి ఎత్తితే మూడోదీ రాలేదు. నీళ్లు తాగించాం. కాసేపు కూర్చోబెట్టాం. నేను లోపలికి పోయేసరికి ఆమె చెయ్యి మెడ మీద ఉంది.

"పోయిందేమో బిడ్డా" అంది. "గొంతే పోతదన్నరు గదా. గడ్డ పాటను గూడ తిన్నదా?"

భర్త పోయినప్పుడు కూడా పెద్దమ్మ నోట అలాంటి గొంతు నేను వినలేదు. నేను మొదటి చరణాన్ని వంతలాగా మెల్లగా అన్నాను. అలవాటుగా అన్నానంతే. నా నోట అది పూర్తి కాకముందే ఆమె రెండో చరణం ఎత్తేసింది. నేను దాన్ని అందుకున్నాను. మూడోది వచ్చింది. నాలుగోది వచ్చింది. ఆమె నన్ను చూస్తోంది, నేను ఆమెను చూస్తున్నాను.

పాట ఎక్కడికీ పోలేదు. పెద్దమ్మ తన జన్మలో రెండు చరణాలు వెంట వెంట పాడలేదు. ఆసు పోస్తూ నేర్చుకున్నప్పుడు కూడా తాత ఒకటి పాడితే, మేళంతో కలిసి ఆమె గోడ వెనక నుంచి తిరిగి అనేది. వంత పాడుతూ పాడుతూ నేర్చిన పాట అది. మేం తిరిగి అంటున్న ఆ కాస్త వ్యవధిలోనే తర్వాతి మాట ఆమెకు కదిలి వస్తుంది. ఆమె ఒక్కతికే కథంతా వచ్చని మేం అందరికీ చెప్పుకుంటున్నాం. మాకే తెలియకుండా అందులో మా పని కూడా ఉంది.

వదినకు ఫోన్ చేశాను. "వంటలో ఉన్న మరిదీ" అంది. విషయం చెప్పాను. పొయ్యి కట్టేసి, మండలిలో దొరికినవాళ్లను దొరికినట్టు షేర్ ఆటోల్లో వెంటబెట్టుకుని వచ్చింది. ఒకాయన దుకాణం షట్టరు సగం దించి వచ్చాడు. అందరూ స్టూడియో మెట్ల మీద నిలబడ్డారు. కానీ షరతు ఒకటి ఉంది కదా, ఆమె గొంతొక్కటే వినపడాలి. పెద్దమనిషికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇలా అయితే డబ్బు ఇవ్వమన్నా సరే, తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తాం అన్నాను.

ఆయన మెట్రో ఎక్కి వచ్చేశారు. అంతా విని, కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు: "మా షరతేవిటండీ? వినేవాళ్లకు ఆవిడ గొంతొక్కటే వినపడాలని. ఆవిడకు మీ గొంతులు వినపడకూడదని కాదు కదా!"

సౌండాయనకు ఆ మాట చాలు. పక్కన విద్యార్థుల సందేహాలు తీర్చే గది ఉంది. మమ్మల్ని అందులో కూర్చోబెట్టి, మా ముందు ఒక మైకు పెట్టి, దాన్ని పెద్దమ్మ చెవులకు హెడ్‌ఫోనుతో కలిపాడు. ఆమె పాట మాకు, మా వంత ఆమెకు. రికార్డయ్యేది ఆమె పాట మాత్రమే. హెడ్‌ఫోను పెట్టుకోగానే పెద్దమ్మ అన్న మొదటి మాట: "ఓ కోడలా, చెవుల మీదనే కూసున్నవా ఏంది? జర దూరం జరుగు."

పాఠాలు లేని పూటలు చూసుకుని, ఆమె అలసినప్పుడు ఆపుకుంటూ, దసరా లోపల కథంతా అయింది. మంగళం పాడిన రోజు ఆ సందేహాల గదిలో మేమంతా నిలబడి పాడాం. హారతి లేదు, గంట లేదు. అయినా అది పూజే.

సౌండాయన ఒక వారం తర్వాత వినడానికి రమ్మన్నాడు. పెద్దమ్మ, వదిన, నేను వెళ్లాం. ఆయన చాలా శ్రద్ధగా పనిచేశాడు. మా వంత కోసం ఆమె ఆగిన చోట్లన్నీ కత్తిరించి, చరణానికి చరణం అతికించాడు. పాట కాలువ నీళ్లలా పారుతోంది. నాకు బాగానే ఉందనిపించింది. పెద్దమ్మ నొసలు ముడిచింది.

"ఎవరే గీమె? ఊపిరి తీస్కోదా?"

"నువ్వే పెద్దత్తా."

"నేనైతే గింత ఆగమాగం పాడుతనా? ఎన్కనుంచి కుక్కలు తరుముతున్నట్టు. ఏమయ్యా, మధ్యల జాగలేమైనయ్?"

"తీసేసిన అమ్మా. ఖాళీగా ఉంటే వినేవాళ్లు పాట అయిపోయిందనుకుని ఆపేస్తరు."

"ఆపెటోడు ఆపుతడు. ఎత్తుకునేటోడు ఎత్తుకుంటడు. ఎత్తుకునేటోనికి జాగ ఏది మరి?"

నేను చదివిన చదువులో భక్తి తొమ్మిది రకాలు. వాటిలో మొదటిది వినడం, పాడడం రెండోది. ఆ వరస ఎందుకలా ఉందని గురువు గారిని ఒకసారి అడిగాను. వినకుండా పాడేవాడు తన గొంతునే పూజిస్తాడని ఆయన జవాబు. నేను ఆ జవాబును ఎన్నో సభల్లో చెప్పి మెప్పు పొందాను. స్టూడియోలో ఆ ఖాళీలు తీసేసిన పాట విన్నప్పుడు మాత్రం, అందులో వినడం కత్తిరించబడిందని నాకు తట్టలేదు. పెద్దమ్మకు తట్టింది. ఆమె ఖాళీలు వెనక్కి పెట్టించింది. సౌండాయన మా వంత ఎంతసేపు సాగిందో అంతసేపు శ్రుతి మాత్రం ఉంచి, చోటు వదిలాడు.

కమిటీలో చర్చ జరిగిందట. ఒకాయన మెషీన్ చెడిపోయిందా అని అడిగారట. దాతల సొమ్ముతో నిశ్శబ్దం రికార్డు చేయించారని ఇంకొకరు నవ్వారట. పెద్దమనిషి మాత్రం వాళ్లముందే పాట పెట్టి, ఖాళీ వచ్చినచోట తనే వంత అందుకున్నారట. ఈ సంగతి ఆయనే సిగ్గుపడుతూ చెప్పారు. "ఒప్పుకున్నారండీ. కాకపోతే మొదట్లో అమ్మగారు ఒక మాట చెప్పాలి, ఈ ఖాళీ ఎందుకో."

ఏం చెప్పాలో నేను చక్కగా రాసిస్తానన్నాను. పెద్దమ్మ అక్కర్లేదంది. మైకు ముందు కూర్చుని చెప్పింది: "నేనొక చరణం పాడుత. మీరు మళ్ల అనుండ్రి. మీరంటెనే నాకు తర్వాతది యాదికొస్తది." అంతే.

దసరా నాడు గుడి మేడ మీద మొత్తం పాడింది. ఆ మర్నాడు దవాఖానలో చేరింది. ఆపరేషన్ అయ్యేదాకా నేను వరండాలో స్వామి నామాలు చదువుకుంటూ కూర్చున్నాను. ప్రాణం అడగాలి, గొంతు ఆయన ఇష్టానికి వదలాలి, అది సరైన ప్రార్థన. నేను రెండూ అడిగాను.

గడ్డ చెడ్డది కాదు. ఆమె లేచి కూర్చుంది, ఇడ్లీ తిన్నది. గొంతు మాత్రం రాలేదు. గుసగుసగా, పక్కన కూర్చుంటే వినపడేంత మాట వస్తోంది. నరం నలిగి ఉంటుంది, కొన్ని నెలలు చూద్దాం, కొంత రావచ్చు, పాట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. పెద్దమ్మ తలూపింది. ఇంటికొచ్చాక రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరినీ రానివ్వలేదు.

మూడో వారం తనే లేచి శనివారానికి తయారైంది. పెద్దమనిషి కూడా ఆ రోజు రికార్డింగు తీసుకుని వచ్చారు. నా ఫోన్‌కు స్పీకర్ కలిపి దేవుడి పటం ముందు, పెద్దమ్మ కూర్చునే చోట పెట్టాం. ఆమె వంతవాళ్ల వరసలో వదిన పక్కన కూర్చుంది.

మొదటి చరణం వచ్చింది. అందరి కళ్లల్లో నీళ్లు. ఖాళీ వచ్చింది, అందుకున్నాం. రెండోది వచ్చింది, అందుకున్నాం. స్తుతిలో అమ్మవారి పాదాల వర్ణన ఒకటుంది. అక్కడ మా మండలిలో ఎవరికీ ఆగబుద్ధి కాదు. ఒకసారి అని ఊరుకోం. మనసు నిండేదాకా రెండుసార్లు, మూడుసార్లు అంటాం, పెద్దమ్మ తాళం వేస్తూ ఆగేది. స్టూడియోలో జంకి అక్కడ ఒక్కసారే అన్నాం, ఆ రోజు మాత్రం ఎప్పటిలాగే రెండోసారి ఎత్తుకున్నాం. మేం సగంలో ఉండగానే స్పీకర్ తర్వాతి చరణం మొదలుపెట్టింది. కొందరు ఆపారు, కొందరు ఆపలేదు. అందరికంటే గట్టిగా వదిన గొంతు ఆ పాట మీద పడి గోల గోల అయింది.

"పెద్దత్తా, నువ్వు జర ఆగాలె గదా!" అని వదిన స్పీకర్‌ను తిట్టింది. హాలంతా నవ్వింది.

వెనక్కి పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒక్కసారే అనాలని అనుకున్నాం. ఒక్కసారే అన్నాం. ఎక్కడా తప్పలేదు. కానీ ఎవరికీ నోరు పూర్తిగా తెరుచుకోలేదు, ఎక్కడ అడ్డం వస్తామోనని అందరం స్పీకర్ వైపే చూస్తున్నాం. దేవుడి పటం వైపు చూసినవాళ్లు లేరు.

పెద్దమ్మ చెయ్యెత్తింది. నేను ఆపాను. ఆమె ఏదో అంది. వదిన చెవి దగ్గర పెట్టి విని, మాకు చెప్పింది: "ఇది మనల్ని వింటలేదు అంటున్నది."

పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. పెద్దమ్మ ఆయన వైపు చూసి చేతులు జోడించి, మళ్లీ వదిన చెవిలో చాలాసేపు చెప్పింది.

"సారూ, మీ పుణ్యమాన అది ఉంది, మర్చిపోయిన కాడ అడుగుతం అంటున్నది. అడగనీకి అది, పాడనీకి మనిషి కావాలె అంటున్నది." అక్కడ వదిన ఆగిపోయింది. "ఇంకోటి అంటున్నది, అది నేను చెప్ప."

"ఏంది వదినా?"

"నన్ను ఎత్తుకోమంటున్నది. నాకేమొస్తది పెద్దత్తా? నాకు వంతే వస్తది. నా గొంతు నీకు నచ్చదు గూడ."

పెద్దమ్మ ఈసారి చెవిలో చెప్పలేదు. ఉన్న గుసగుసతోనే, మెడ నరాలు బిగబట్టి, మాకందరికీ వినపడేలా చెప్పింది. "నాకు మాత్రం ఏమొచ్చె? నేను గూడ వంతలకెల్లే నేర్చిన."

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత లేచి స్పీకర్ పక్కకు జరిపి ఆ చోట్లో కూర్చుంది. మొదటి చరణం ఎత్తింది. శ్రుతి కంటే పైన ఎత్తింది. పెద్దమ్మ అరచెయ్యి కిందికి దించింది. వదిన దించుకుంది. మేం అందుకున్నాం. రెండో చరణం వచ్చింది. మూడోది రాలేదు. నేను ఫోన్ ఆన్ చేసి ఆ ఒక్క చరణం వినిపించి ఆపాను. "ఆ, గదే, గదే" అని వదిన అందుకుంది.

అలా కొంతదూరం పోయాం. అమ్మవారి పాదాల దగ్గర మాకు ఆగబుద్ధి కాలేదు, రెండోసారి, మూడోసారి అన్నాం. పెద్దమ్మ మా వరసలో కూర్చుని వంత అంటోంది. ఆమె గొంతు ఎవరికీ వినపడటం లేదు, పెదవులు కదులుతున్నాయి, చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. మాట ఎక్కడ తప్పితే అక్కడ ఆ చెయ్యి ఆగేది. అది చూసి వదిన ఆగేది, మేమూ ఆగేవాళ్లం. చెయ్యి మళ్లీ కదిలేదాకా ఎవరమూ తొందరపడలేదు.